పిల్లల కడుపునొప్పికి పురుగుల మందొక్కటే జవాబా?

రామకృష్ణాపూర్: బడి గంట కొట్టే వేళకు పిల్లవాడు కడుపు పట్టుకుని గడపలో కూలబడితే ఇంటింటా వినిపించే మాటలు మూడే. "కడుపుల పురుగులున్నయ్" అంటుంది తల్లి. "దిష్టి తాకింది" అంటుంది నాయనమ్మ. "బడికి పోకుంట ఏషాలేస్తుండు" అంటాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి. మూడు మాటలకు మూడు వైద్యాలు. ఒక మాత్ర, ఉప్పూ మిరపకాయలతో ఒక దిష్టి, వీపు మీద రెండు దెబ్బలు. నెలలు గడుస్తాయి. బడి హాజరు తగ్గుతుంది, పిల్లవాడు చిక్కిపోతాడు. నొప్పి మాత్రం పోదు.

ఈ మూడు మాటల్లో ఒక్కోసారి ఏదో ఒకటి నిజం కావచ్చు. కానీ ఎవరూ అనని నాలుగో మాట ఒకటి ఉంది. అది కడుపులో పుండు. డాక్టర్లు దానినే అల్సర్ అంటారు. అల్సర్ పెద్దల జబ్బు అనీ, తాగేవారికీ, కారం ఎక్కువ తినేవారికీ, షిఫ్టు పనుల వల్ల వేళకు అన్నం తినని బాయి కార్మికులకూ మాత్రమే వస్తుందనీ బొగ్గు గని ప్రాంతమంతటా ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. పిల్లలకు ఈ జబ్బు తక్కువగా వచ్చే మాట వాస్తవమే. అయితే అసలు రాదనుకోవడం పొరపాటు. ఎవరూ అనుమానించకపోవడం వల్లనే ఇది ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది పసివాడు.

అన్ని నొప్పులూ పుండ్లు కావు

ముందుగా తల్లిదండ్రులు ఒక విషయం గ్రహించాలి. కడుపునొప్పి అన్న ప్రతి పిల్లవాడికీ అల్సర్ ఉందని బెంబేలు పడనక్కరలేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పనిచేసిన పిల్లల డాక్టరు జాన్ ఆప్లే, తన సహచరునితో కలిసి వెయ్యి మంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల కాలంలో కనీసం మూడు సార్లు, ఆటపాటలు మాని కూర్చునేంతగా కడుపునొప్పి వచ్చిన పిల్లలు పదిమందిలో ఒకరు తేలారు. వారిలో చాలామందికి పేగుల్లో పుండు గానీ వాపు గానీ కనిపించలేదు. ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు కూడా దాదాపు ఇదే చెప్పాయి.

పుండు లేనంత మాత్రాన ఆ నొప్పి నటన కాదు. భయం, బడిలో వేధింపు, ఇంట్లో గొడవలు, మలబద్ధకం, నిద్ర లేమి వంటివి కూడా పసి కడుపును నిజంగానే నొప్పించగలవు. అటువంటి నొప్పి ఎక్కువగా బొడ్డు చుట్టూ వస్తుంది. పిల్లవాడు రాత్రి హాయిగా నిద్రపోతాడు, బరువు తగ్గడు, కాసేపటికి లేచి ఆడుకుంటాడు. అతనికి కావలసింది ధైర్యం, వేళకు తిండి, డాక్టరు సలహా. దెబ్బలు మాత్రం కావు.

పురుగుల సంగతీ అంతే. నులిపురుగుల నివారణ కార్యక్రమం దేశంలో 2015లో మొదలైంది. ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల లోపు వారికి బడుల్లో, అంగన్వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు వేస్తున్నారు. ఇది మంచి పని, ప్రతి పిల్లవాడూ ఆ మాత్ర వేసుకోవలసిందే. కానీ మాత్ర పద్ధతిగా వేశాక కూడా వారాల తరబడి నొప్పి వస్తూంటే దుకాణానికి వెళ్లి మళ్లీ అదే మాత్ర తేవడంలో అర్థం లేదు. తాళం తెరుచుకోనప్పుడు అదే తాళంచెవిని పదిసార్లు తిప్పితే ఏం ప్రయోజనం?

పుండు ఎలా పడుతుంది?

తిన్న అన్నం అరగడానికి జీర్ణాశయంలో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. ఆ ఆమ్లం కడుపు గోడను తినేయకుండా లోపల ఒక జిగురు పొర కాపలా ఉంటుంది. ఆ పొర దెబ్బతిన్న చోట ఆమ్లం గోడను కొరికి పుండు చేస్తుంది. పుండు జీర్ణాశయంలో పడవచ్చు, దాని కిందనే మొదలయ్యే చిన్నపేగు మొదటి భాగంలోనైనా పడవచ్చు.

పొరను దెబ్బతీసే కారణాల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి సూక్ష్మక్రిమి. రెండోది నొప్పి మాత్ర.

క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో రోగుల కడుపు గోడ నుంచి తీసిన ముక్కల్లో ఈ క్రిమిని పెంచి చూపించారు. పెద్దలు నమ్మలేదు. చివరకు 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలై, ఆయన కడుపు గోడ వాచినట్లు పరీక్షలో తేలింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. అల్సర్‌కు కారం, కోపం, దిగులే కారణమన్న పాత మాట దానితో వీగిపోయింది. కారం ఉన్న పుండును మండించవచ్చు గానీ, సాధారణంగా పుండును పుట్టించేది కారం కాదు. పిల్లవాడి కంచంలో పచ్చడి తీసేసినంత మాత్రాన వైద్యం అయిపోయినట్లు కాదు.

ఈ క్రిమి దూరదేశపు వింత కాదు. హైదరాబాద్ ప్రజల రక్తాన్ని పరీక్షించి 1991లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇది చిన్న వయసు నుంచే చాలామందిలో ఉన్నట్లు తేలింది. ఇంటి పరిశుభ్రతకూ, తాగే నీటికీ, ఈ క్రిమికీ ఉన్న సంబంధం గురించి హైదరాబాద్ పరిశోధకులు 2007లో మరో అధ్యయనం ప్రచురించారు. కుళాయి నీరు తాగేవారి కంటే బావి నీరు తాగేవారిలో ఈ క్రిమి ఎక్కువగా కనిపించింది. సాధారణంగా ఇది పసితనంలోనే, ఎక్కువగా ఇంట్లోని వారి నుంచే సోకుతుంది. ఇరుకు ఇళ్లు, కడగని చేతులు, ఎంగిలి, శుభ్రత లేని నీరు దానికి దారులు. తల్లి ముద్దను తన నోట నమిలి బిడ్డకు పెట్టడం ప్రేమే కావచ్చు, మానుకోవడమే మంచిది.

అయితే క్రిమి సోకిన వారందరికీ పుండు పడదు. ఎక్కువమంది దానితోనే బతుకుతారు, ఏ బాధా ఉండదు. కాబట్టి ఊరందరికీ పరీక్షలు చేయించి ఊరందరికీ మందులు మింగించమని ఎవరూ అనడం లేదు. బాధ ఉన్న పిల్లవాడిని గుర్తించడమే కావలసింది.

గూట్లో మాత్రలతో జాగ్రత్త

రెండో కారణం మరింత దగ్గరలో, ఇంటి గూట్లోనే ఉంది. గనుల్లో పనిచేసే వారికి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులు కొత్త కావు. వాటికోసం తెచ్చుకున్న మాత్రలు చాలా ఇళ్లలో పెట్టి ఉంటాయి. పిల్లవాడికి రాత్రిపూట జ్వరం వచ్చిందనుకోండి. తండ్రి మాత్రలో సగం విరిచి తల్లి పిల్లవాడికి వేస్తుంది. జ్వరం తగ్గుతుంది. తగ్గింది గనుక మరోసారి జ్వరానికీ, పంటి నొప్పికీ, చివరకు కడుపునొప్పికీ అదే మాత్ర వస్తుంది.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జాతి మాత్రలు నొప్పిని తగ్గిస్తూనే కడుపు లోపలి జిగురు పొరను పలచన చేస్తాయి. వాటికి స్టెరాయిడ్ మాత్ర తోడైతే ముప్పు పెరుగుతుంది. కడుపునొప్పికి ఈ మాత్ర వేయడమంటే మంట మీద కిరసనాయిలు పోయడమే. నిమెసులైడ్ అనే మందును పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. కాలేయానికి హాని చేస్తుందన్న ఆందోళనే దానికి ప్రధాన కారణం. ఆ సంగతి తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లల జ్వరానికి సాధారణంగా వాడేది పారాసిటమాల్. దానినీ వయసుకు, బరువుకు తగిన మోతాదులో డాక్టరు చెప్పినట్లే వేయాలి. పెద్దల మాత్రను సగం చేసినంత మాత్రాన అది పిల్లల మందు కాదు.

ఇక్కడ మందుల షాపుల వారికీ, ఊళ్లలో సూదిమందు వేసే ఆర్ఎంపీలకూ ఒక మాట చెప్పవలసి ఉంది. అర్ధరాత్రి పిలిస్తే పలికేది వారేననీ, పేదవారికి అందుబాటులో ఉండేది వారేననీ ఎవరూ కాదనరు. కానీ నెలల తరబడి కడుపునొప్పితో వచ్చే పిల్లవాడికి వచ్చినప్పుడల్లా ఒక నొప్పి సూది, ఒక గ్యాస్ మాత్ర ఇచ్చి పంపడం ఉపకారం కాదు. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించి నాలుగు రోజులు ఉపశమనం ఇస్తుంది. క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. మందు ఆపగానే నొప్పి తిరిగి వస్తుంది. "వీడిని పెద్ద డాక్టరుకు చూపించండి" అన్న ఒక్క మాట ఆ సూది కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పేగు పడిందని కడుపు తోమించడం, వాతలు పెట్టించడం ఇంకా అక్కడక్కడా సాగుతూనే ఉన్నాయి. లోపల పుండు ఉన్న కడుపును గట్టిగా తోమితే మేలు లేకపోగా కీడు జరుగుతుంది. వాత వల్ల లోపలి నొప్పి పోదు, పైన మరో పుండు పడుతుంది.

ఏ గుర్తులు చూడాలి?

పెద్దపిల్లలు నొప్పిని చూపించగలరు. బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద మంటగా, పొడిచినట్లుగా ఉందంటారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున నొప్పి ఎక్కువ కావచ్చు. ఏదైనా తింటే కాస్త నెమ్మదించి మళ్లీ రావచ్చు. కొందరికి తిన్న తర్వాతనే ఎక్కువవుతుంది. చిన్నపిల్లలకు చెప్పడం రాదు. అన్నం చూస్తేనే ముఖం తిప్పుకోవడం, తిన్నాక ఏడవడం, తరచూ వాంతులు చేసుకోవడం వారి భాష.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసినది నిద్ర. బడికి ఎగనామం పెట్టదలచిన పిల్లవాడు పొద్దున ఏడుస్తాడు గానీ, అర్ధరాత్రి నిద్రలోంచి లేచి ఏడవడు. గాఢనిద్ర నుంచి లేపే నొప్పిని ఏ తల్లీ తేలికగా తీసుకోరాదు. బరువు తగ్గడం, వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం, మింగడం కష్టం కావడం, మళ్లీ మళ్లీ వాంతులు, కారణం తెలియని జ్వరం, ఇంట్లో తల్లికో తండ్రికో అల్సర్ ఉండడం కూడా డాక్టరుకు చూపించవలసిన గుర్తులే.

పాలిపోయిన ముఖం మరో గుర్తు. పుండు నుంచి రోజూ కొద్దికొద్దిగా కంటికి కనిపించకుండా రక్తం పోతూంటుంది. పిల్లవాడు నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసపడతాడు, తరగతిలో కునుకు తీస్తాడు. ఇంట్లో సోమరి అంటారు, బడిలో మొద్దు అంటారు. అతని ఒంట్లో రక్తం లేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

రక్తం కక్కినా, కాఫీ పొడి వంటి నల్లని వాంతి అయినా, మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, కడుపు చెక్కలా బిగుసుకుపోయి ముట్టుకోనివ్వకపోయినా, పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోయినా మరుసటి రోజు వరకు ఆగరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఐరన్ మాత్రలు వేసుకున్నప్పుడు కూడా మలం నల్లబడుతుంది. వేసుకుంటున్న మాత్రల సంగతి డాక్టరుకు చెబితే ఏది ఏమిటో ఆయన తేల్చుకుంటారు.

మస్టరు పోతుందని ఆగితే

"ఆసుపత్రికి పోతే ఒక మస్టరు పోతుంది" అన్నది కార్మికుల ఇళ్లలో తరచూ వినిపించే మాట. కాంట్రాక్టు పనివారికీ, కూలివారికీ ఒక రోజు పోవడమంటే ఒక రోజు బువ్వ పోవడమే. ఈ కష్టాన్ని ఎవరూ తేలిక చేయరాదు. కానీ లెక్క వేసి చూడాలి. నెలకు నాలుగుసార్లు సూదికీ మాత్రలకూ పెట్టే ఖర్చు, పోయిన బడి రోజులు, చివరికి పుండు పగిలి పెద్దాసుపత్రికి పరుగెత్తే రాత్రి, ఆపరేషను... ఇవన్నీ కలిపితే ఎన్ని మస్టర్లు?

వైద్యం మునుపటంత దూరంగా లేదు. కంపెనీ కార్డున్న వారి కుటుంబాలకు రామకృష్ణాపూర్‌లోనే సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది. కార్డు లేనివారికి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మంచిర్యాలలో, రామగుండంలో 2022లో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పిల్లల పెద్ద జబ్బులకు హైదరాబాద్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉండనే ఉంది. ముందు దగ్గరి డాక్టరుకు చూపించి, ఆయన పంపిస్తేనే పైకి వెళ్లడం మేలు.

డాక్టరు ముందు కూర్చున్నాక "కడుపునొప్పి సార్, మాత్ర రాయండి" అనడంతో సరిపెట్టరాదు. వెలుపల వరుసలో యాభై మంది ఉంటే ఆయనకు దొరికేది రెండు మూడు నిమిషాలే. అందుకు ఒక ఉపాయం ఉంది. పిల్లవాడి నోటు పుస్తకంలో చివరి పేజీ తీసి రెండు వారాలు లెక్క రాయాలి. నొప్పి ఏ రోజు, ఏ వేళ వచ్చింది, ఎక్కడ వచ్చింది, తినకముందా తిన్నాకనా, రాత్రి లేపిందా, వాంతి అయిందా, మలం ఏ రంగులో ఉంది, ఏ మాత్ర వేశారు. చదువు రాని తల్లి చెబితే పెద్దపిల్లలు రాయగలరు. పైసా ఖర్చు లేని ఈ కాగితం డాక్టరుకు సగం దారి చూపుతుంది. ముందు చెప్పిన ప్రమాద గుర్తులుంటే మాత్రం కాగితం కోసం ఆగరాదు.

అనుమానం ఉంటే డాక్టరు రక్తం, మలం పరీక్ష చేయిస్తారు. అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. మత్తు ఇచ్చి సన్నని గొట్టాన్ని నోటి ద్వారా లోపలికి పంపి పుండును కళ్లారా చూస్తారు, చిన్న ముక్క తీసి క్రిమి ఉందేమో పరీక్షిస్తారు. పేరు వినగానే భయపడి పారిపోనక్కరలేదు. అలాగని ప్రతి కడుపునొప్పికీ ఎండోస్కోపీ కావాలని పట్టుబట్టనూ రాదు. ఎప్పుడు కావాలో తేల్చవలసింది డాక్టరు. కేవలం రక్తం చూసి క్రిమి ఉందని చెప్పే పరీక్ష పిల్లల విషయంలో నమ్మదగినది కాదు.

క్రిమి వల్ల పుండు పడిందని తేలితే ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు రెండు రకాల యాంటీబయాటిక్స్ సాధారణంగా 14 రోజులు ఇస్తారు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. నాలుగో రోజుకు నొప్పి తగ్గుతుంది, మాత్రల పొట్లం అటక మీదికి పోతుంది. చావకుండా మిగిలిన క్రిమి ఆ మందుకు మొండికేస్తుంది. రెండోసారి అదే మందు పనిచేయదు. కాబట్టి చివరి మాత్ర వరకు వేయాలి. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత మలం పరీక్షతోనో, శ్వాస పరీక్షతోనో క్రిమి పోయిందో లేదో చూపించుకోవాలి. అలా పూర్తిగా వైద్యం చేయిస్తే ఈ పుండు మానిపోయే జబ్బే. బతుకంతా మోయవలసిన శాపం కాదు.

అందరి బాధ్యత

భారమంతా తల్లి మీద వేసి ఊరుకుంటే న్యాయం కాదు. బడిపిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి అమలులో ఉంది. పరీక్షకు వచ్చిన బృందం ఎత్తు, బరువు, కళ్లు, పళ్లతో పాటు "నెలల నుంచి కడుపునొప్పి ఎవరికైనా ఉందా? రాత్రి నిద్ర లేపుతోందా?" అని రెండు ప్రశ్నలు అడగడం కష్టం కాదు. హాజరు పట్టికలో ఒకే పిల్లవాడి పేరు ఎదుట మళ్లీ మళ్లీ సున్నాలు పడుతూంటే ఉపాధ్యాయుడు బెత్తం తీసే ముందు ఇంటివారిని పిలిపించి అడగాలి. ఆశా కార్యకర్తలు, అంగన్వాడీ టీచర్లు పురుగుల మాత్ర వేసిన తర్వాత కూడా నొప్పి తగ్గని పిల్లల పేర్లు రాసి డాక్టరుకు అందించాలి. పంచాయతీలు, మున్సిపాలిటీ పైపులు పగిలి మురుగు కలిసిన చోట నీటిని సరిచేయాలి. బడుల్లో మరుగుదొడ్డికి నీళ్లు, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉండాలి. మధ్యాహ్న భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగని బడిలో ఆరోగ్య పాఠాలు ఎన్ని చెప్పినా ప్రయోజనం ఉండదు.

గనిలోకి దిగే కార్మికునికి ఒక అలవాటు ఉంటుంది. పైకప్పు నుంచి చిన్న చప్పుడు వినిపించినా చెవి రిక్కిస్తాడు. అది ఉత్తదే కావచ్చు, అయినా చూడకుండా ముందుకు పోడు. పిల్లవాడి కడుపునొప్పిని కూడా ఆ చెవితోనే వినాలి. పది చప్పుళ్లలో తొమ్మిది ఉత్తవే కావచ్చు. పదోదాన్ని వినకపోతే మాత్రం తర్వాత వగచి లాభం లేదు. ఈ రాత్రి పిల్లవాడు కడుపు పట్టుకుని నిద్ర లేస్తే తల్లిదండ్రులు అతనిని కసరకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ నొస్తుందో, ఎన్నాళ్ల నుంచి నొస్తుందో అడగాలి. తెల్లవారగానే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.